గుత్త కాగితాలు: గోదావరిఖని డైరీ, డిసెంబర్ 2024

డిసెంబర్ 4, బుధవారం

పొద్దున్నే మంచం కదిలింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఇళ్లలోంచి బయటికి ఉరికొచ్చిన వాళ్లందరూ మొదట తిట్టింది ఓపెన్‌కాస్ట్ గని బ్లాస్టింగ్‌నే. ఎదురింటి కాక ఒప్పుకోలేదు. బొగ్గు గనిలో ఓవర్‌మన్‌గా రిటైరైన మనిషి. "బ్లాస్టింగ్ మధ్యాన్నం గద సార్ కొడ్తరు. గింత పొద్దుగాల ఎవడు కొడ్తడు? గిది మనది కాదు, కిందిది" అన్నాడు. టీవీ పెడితే ఆయన మాటే నిజమైంది. 7:27కు ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3.

గోదావరి లోయ రెండు పెద్ద భూభ్రంశాల మధ్య కుంగిన నేల. కోట్ల ఏళ్ల కిందట కుంగిన ఆ గాడిలో ఇసుకా బురదా, అప్పటి అడవుల చెత్తా పొరలు పొరలుగా నిండాయి. ఆ చెత్తే బొగ్గు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలాన్ని వణికించిన 5.7 భూకంపం కూడా ఈ గాడిలోదే. మనకు బువ్వ పెట్టిన కుంగుబాటే ఇవాళ మనల్ని ఇళ్లలోంచి బయటికి తరిమింది.

డిసెంబర్ 6, శుక్రవారం

భూకంపం పుణ్యాన విలియం కింగ్ గుర్తొచ్చాడు. ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. 1857లో భారత భూగర్భ సర్వేలో చేరాడు. తండ్రి పేరు కూడా విలియం కింగే. గాల్వేలో ప్రొఫెసర్. నియాండర్తల్ మనిషికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కొడుకు మన దిక్కు వచ్చి కడప, కర్నూలు శిలల మీద 1872లో ఒక పుస్తకం, ప్రాణహిత–గోదావరి లోయ మీద 1881లో మరో పుస్తకం వెలువరించాడు. 1887లో సర్వేకు డైరెక్టరయ్యాడు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో తేల్చింది ఆయనే.

మన దగ్గర చెప్పుకునే కథ వేరు. భద్రాచలం పోయే యాత్రికులు మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుంటే పొయ్యి రాళ్లే అంటుకున్నాయట. నేను ఈ కథను కాదనను. కానీ రాయి మండుతుందని తెలిసినంత మాత్రాన ఏ కంపెనీ కదిలి రాదు. పొర ఎంత మందం, ఏ వైపుకు వాలింది, ఎంత దూరం పోయింది, ఈ మూడూ కాగితం మీదికి ఎక్కాలి. అక్కడి నుంచే బేరం మొదలవుతుంది.

డిసెంబర్ 8, ఆదివారం

గోదావరి బ్రిడ్జి దాకా నడక. ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు మూసి ఉంటే దిగువన బండలే కనిపిస్తాయి. ఈ నది మీద ఓడలు నడపాలని కలగన్నవాడు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టిన ఇంజినీరుగా కోస్తా వాళ్లకు ఆయన దేవుడు. ఎగువ గోదావరిలో ఆయన ఏం చేయబోయాడో మన దిక్కు ఎవరికీ పట్టదు.

సముద్రం నుంచి గోదావరి, ప్రాణహిత, వార్ధా మీదుగా బీరారు పత్తి పొలాల దాకా నీటి దారి వేయాలన్నది పథకం. పడవలు మన రేవుకు వచ్చేవి కావు, కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్లేవి. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. దాంతో పథకం మీద ఆశ పెరిగింది. అంతకు ముందే, 1860 ఒడంబడికలో, నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. నది మీద సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతు కూడా అందులోనే ఉంది. సిరొంచ అలా మన అవతలి గట్టు అయింది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పుడు మహారాష్ట్రలో ఉండటానికి మొదటి కారణం ఆ కాగితమే.

దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి దగ్గరి బండల అడ్డాలు దాటడానికి కాలువలు, లాకులు తవ్వించారు. డబ్బు కరిగింది, జనం జ్వరాలతో పడిపోయారు. 1871లో పనులు ఆపేశారు. నది దారి మూసుకున్న ఏడే బొగ్గు దారి తెరుచుకుంది. తర్వాత మాట రైలుది.

డిసెంబర్ 9, సోమవారం

పొగమంచు. చిమ్నీలు కనిపించలేదు. ఫస్ట్ షిఫ్టుకు పోయే బైకుల లైట్లు మాత్రం వరసగా కదిలాయి. రాసేందుకు ఇంకేం లేదు.

డిసెంబర్ 11, బుధవారం

గనిని గుత్తకు ఇచ్చే పద్ధతి ఇంగ్లీషు వాళ్లు నేర్పింది కాదు. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వ్యాపారిగా ఉన్న విలియం మెత్‌వోల్డ్ 1620ల నాటి కృష్ణ ఒడ్డు వజ్రాల గని చూసి రాసిపెట్టాడు. 30 వేల మంది పని చేస్తున్నారు. గుత్తేదారు ఏడాదికి 3 లక్షల పగోడాలు గోల్కొండ సుల్తానుకు కట్టాలి. 10 క్యారట్లు మించిన రాయి దొరికితే అది సుల్తానుదే. ఆ తర్వాత గని మూయించారు. వజ్రాలు మరీ ఎక్కువైతే ధర పడిపోతుందని ఒక మాట, మొగలు రాయబారి మేలైన రాళ్లు అడుగుతున్నాడని ఇంకో మాట. పక్క రాజు కంటపడితే గనికి తాళం వేయడమే ఆ రోజుల్లో భద్రత.

కొన్నేళ్లకు ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే వచ్చాడు. కొల్లూరులో ఆడామగా పిల్లాపాపా కలిసి 60 వేల మందిని చూశానన్నాడు. ఇంకో గనిలో కూలీకి ఏడాది జీతం 3 పగోడాలట. 3 లక్షలు ఒక దిక్కు, 3 ఇంకో దిక్కు. రెండు అంకెలూ పరాయి దేశం మనుషులే రాశారు. గోల్కొండ మీదికి 1687లో ఔరంగజేబు దండెత్తి కోట పట్టుకున్నాడు. రాజు మారాడు, గుత్త పద్ధతి మారలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

కాకకు కంపెనీ అంటే సింగరేణే. "కంపెనీ ఏమిచ్చింది, కంపెనీ ఏమన్నది" తప్ప పేరు పెట్టి అనడు. ఊళ్లో అందరి వరసా అదే.

వాటాలు అమ్మి డబ్బు కూడేసి పరాయి దేశంలో హక్కులు కొనే కంపెనీ మన తీరానికి చాలా ముందే వచ్చింది. డచ్చి వాళ్ల ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్లలోనే గోల్కొండ ఫర్మానా చేతపట్టుకుని మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. పోర్చుగీసు వాళ్లు సముద్రం మాదని అడ్డొస్తుంటే హ్యూగో గ్రోషియస్ అనే యువ వకీలు 1609లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదించాడు. అంతర్జాతీయ న్యాయానికి మూలపురుషుల్లో ఒకడని ఇవాళ లా కాలేజీల్లో చదువుతారు. ఆయన వాదం పుట్టింది మాత్రం ఆ కంపెనీ కేసు కోసం.

నీళ్లు అందరివీ అన్న వాదం కంపెనీల పక్షాన నిలిచింది. 1860లో గోదావరి సుంకం రద్దయినప్పుడూ అదే వరస. నేల కింద ఉన్నది అందరిదీ అని మాత్రం ఏ కంపెనీ వకీలూ వాదించినట్టు చదవలేదు.

డిసెంబర్ 15, ఆదివారం

సాలార్‌జంగ్ అంటే మనకు మ్యూజియం. ఆ మ్యూజియం కూర్చింది మనుమడు. తాత, మొదటి సాలార్‌జంగ్, 1853లో ఇరవై నాలుగేళ్లకు దివాను అయ్యాడు. అదే ఏడు బీరారు నిజాం చేయి జారిపోయింది, ఇంగ్లీషు వాళ్లు నడిపిన కంటింజెంట్ సైన్యం బాకీల కింద. దాన్ని తిరిగి తెచ్చుకోవాలన్నది ఆయన జీవితమంతా మోసిన కోరిక. ఖజానా సర్దాడు, జిల్లాలు ఏర్పరచాడు, 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు రప్పించాడు. ఆ రైలుకు డబ్బు పెట్టింది నిజాం రాజ్యమే, పెత్తనం మాత్రం ఇంగ్లీషు వాళ్లది. ఇక ఆ లైనును వరంగల్ దాటించి ఒక కొమ్మ బెజవాడకు, ఒక కొమ్మ చాందాకు (ఇప్పటి చంద్రపూర్) వేయాలన్న ఆలోచన సాగింది. బొగ్గు బయటికి రావాలంటే పట్టాలు కావాలి. పట్టాలకు డబ్బు లండన్‌లో పుడుతుంది. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరాతో ఉన్నట్టుండి చనిపోయాడు. పైన గద్దె మీద ఉన్నది మైనరు నిజాం. బేరగాళ్లకు అంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

డిసెంబర్ 17, మంగళవారం

ఈ నెలంతా చదివిన వాళ్లలో నాకు నచ్చినవాడు ఇవాళ దొరికాడు. అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తండ్రి. ఎడిన్‌బరోలో సైన్సు డాక్టరేట్ చేసి హైదరాబాద్ వచ్చి చదువులు నిలబెట్టిన బెంగాలీ. నిజాం కాలేజీ ప్రిన్సిపాల్.

1883లో చాందా రైల్వే పథకం గురించి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి వాళ్లతో కలిసి అఘోరనాథ్ ఒక కమిటీ చేశాడు. వాళ్లు బాంబులు వేయలేదు, పట్టాలు పీకలేదు. పథకం షరతులు ఏమిటో జనం ముందు పెట్టండి, రాజ్యం నెత్తిన పడే బరువెంతో చెప్పండి అని మాత్రమే అడిగారు. జవాబుగా మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. సరోజినికి అప్పుడు నాలుగేళ్లు. కొన్నాళ్లకు ఆయన్ను తిరిగి రానిచ్చారు, అది వేరే సంగతి.

హైదరాబాద్ రాజ్యంలో తొలి రాజకీయ ఆందోళనగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. రైలు కూడా ఎంత నిదానంగా వచ్చిందో చూడండి: కాజీపేట నుంచి బల్హార్షా దాకా లైను పూర్తయింది 1929లో. రామగుండం స్టేషన్‌లో దిగే ప్రతివాడూ ఆ చాందా కొమ్మ మీదే దిగుతున్నాడు.

డిసెంబర్ 19, గురువారం

అఘోరనాథ్ భయం ఎంత నిజమో మూడేళ్లలో తేలింది. కథలో పెద్ద పాత్ర అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్‌జంగ్ అన్నది బిరుదు. నిజాం కొలువులో పెద్ద అధికారి, రైల్వే, గనుల వ్యవహారాల్లో రాజ్యం తరఫున లండన్‌లో మాట్లాడే మనిషి. 1886 జనవరిలో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి రాజ్యమంతటా ఖనిజాలు వెతికి తవ్వుకునే హక్కు రాసిచ్చారు. వాళ్లు ఆ హక్కును లండన్‌లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి అప్పజెప్పారు. కంపెనీ మూలధనం కాగితం మీద 10 లక్షల పౌండ్లు. అందులో పెద్ద భాగం వాటాలు హక్కు తెచ్చినందుకు ప్రతిఫలంగా ఆ గుంపు చేతికే పోయాయి. బజారులో ధర ఎగిసింది.

అసలు మోసం తర్వాతిది. రాజ్యం తరఫున బేరమాడిన అబ్దుల్ హక్‌కే ఆ వాటాల్లో గుట్టుగా భాగముంది. ఆ వాటాలనే నిజాం ప్రభుత్వం చేత ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు కొనిపించాడు. తన బొగ్గు మీద హక్కు ఇచ్చేసి, ఆ హక్కు తాలూకు కాగితాలను రాజ్యమే సొమ్ము పోసి కొనుక్కుంది. కొట్టువాడికి కూరగాయలు మనమే పండించి ఇచ్చి, మనమే రేటు పెంచి కొనుక్కున్నట్టు.

డిసెంబర్ 21, శనివారం

గుట్టు బయటపడింది. 1888లో అబ్దుల్ హక్ పదవి ఊడింది. బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ విచారణ కమిటీ వేసింది. నిజాం పక్షాన వాదన వినిపించడానికి మెహ్దీ అలీ (మొహ్సిన్ ఉల్ ముల్క్) లండన్ వెళ్లాడు. తర్వాతి కాలంలో అలీగఢ్ కాలేజీని నడిపింది ఈయనే.

నాకు ఆగి ఆలోచించాలనిపించిన సంగతి ఇది. ఇల్లందు బొగ్గు గురించి సాక్షులను పిలిచి ప్రశ్నలు అడిగిన మొదటి పెద్ద సభ లండన్‌లో కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే వాటా కొని మోసపోయిన ఇంగ్లీషు మదుపరి కనిపిస్తాడు, పరువు పోయిన బ్రిటిష్ రెసిడెన్సీ కనిపిస్తుంది. బాయి (గని) దిగేవాడు కనిపించడు. అప్పటికి అతను ఇంకా పూర్తిగా దిగలేదు కూడా. తవ్వకం సాగింది 1889 నుంచి. మన సెంటినరీ కాలనీ పేరుకు లెక్క అదే, 1889 నుంచి 1989.

డిసెంబర్ 23, సోమవారం

సింగరేణి ఆవిర్భావ దినం. జెండాలు, స్టాళ్లు, పిల్లల డ్యాన్సులు. 1920లో ఇదే తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరై, లండన్ కంపెనీ ఆస్తులు తీసుకుంది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తెచ్చుకుంది. 1956లో వాటా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1960లో కేంద్రం చేరింది. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రానిది 51 పాళ్లు, కేంద్రానిది 49. మన గోదావరిఖని తవ్వకాలు 1960ల మొదట్లో మొదలయ్యాయి. 1973లో దేశంలోని ప్రైవేటు బొగ్గు గనులను జాతీయం చేసినప్పుడు సింగరేణిని ముట్టుకునే పని పడలేదు. అప్పటికే అది సర్కారుది.

2023–24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. ఈ సెప్టెంబర్‌లో లాభాల వాటాగా కార్మికులకు 796 కోట్లు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5 వేలు. స్టాల్ దగ్గర మిర్చి బజ్జీ తింటున్న ఒక కాంట్రాక్టు పిల్లగాణ్ణి పండుగ ఎట్లున్నదని అడిగాను. "పండుగ కంపెనీది సార్. మాది డ్యూటీ" అన్నాడు.

డిసెంబర్ 25, బుధవారం

జనం పక్షాన పనికొచ్చిన కాగితాలూ ఉన్నాయి. గోండుల నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల గోడు తెలుసుకోమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. వియన్నా మానవశాస్త్రవేత్త. ప్రపంచ యుద్ధం వచ్చాక శత్రుదేశ పాస్‌పోర్టు వల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చినవాడు. మార్లవాయిలో కాపురముండి నివేదికలు రాశాడు. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. తర్వాత గిరిజనుల భూమి పరాయి చేతికి పోకుండా చూసే 1970 నాటి 1/70 చట్టం. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదంది. ప్రభుత్వ సంస్థకో, గిరిజన సహకార సంఘానికో ఇవ్వొచ్చంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి పక్క ఊళ్ల కేసు అది. భీం తుపాకీ పట్టాడు కాబట్టే హైమెన్‌డార్ఫ్‌కు కలం పట్టే పని పడింది. ఆ వరస మరవకూడదు.

డిసెంబర్ 27, శుక్రవారం

నిరుడు ఇదే రోజు గుర్తింపు సంఘం ఎన్నికలు. ఏఐటీయూసీ గెలిచింది. రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడం ఇక్కడ 1998లో మొదలైంది. ఇల్లందు తవ్వకం మొదలైన 1889 నుంచి లెక్కేస్తే నూట తొమ్మిదేళ్లు. ఒప్పందం మీద సంతకం పెట్టే మనిషిని బాయి పనివాడు ఓటు వేసి ఎన్నుకోవడానికి అంతకాలం పట్టింది.

కాక ఆ ఓటు గురించి గొప్పగా చెప్పుకుంటాడు. "మీరు గెలిపించిన సంఘం చేసుకున్న ఒప్పందం చదివినవా కాకా?" అన్నాను.

"గేటు మీటింగుల చెప్పింది ఇన్నం. చదివేది ఏడుంటది సార్? ఉన్నా ఇంగ్లీషుల ఉంటది."

డిసెంబర్ 29, ఆదివారం

2020 జూన్‌లో కేంద్రం బొగ్గు బ్లాకులను ప్రైవేటు అమ్మకానికి వేలం వేయడం మొదలుపెట్టింది. మన లోయలోని కోయగూడెం బ్లాక్-3, సత్తుపల్లి బ్లాక్-3, శ్రావణపల్లి, కళ్యాణిఖని బ్లాక్-6 ఆ జాబితాలోకి వచ్చాయి. 2021 డిసెంబర్ 9 నుంచి 11 దాకా సంఘాలన్నీ ఏకమై సమ్మె చేశాయి. బాయిలన్నీ ఆగాయి. ఈ జూన్‌లో పదో విడత వేలాన్ని హైదరాబాద్‌లోనే ప్రారంభించారు. జాబితాలో శ్రావణపల్లి మళ్లీ ఉంది.

1886కూ ఇప్పటికీ తేడా లేదనను. అప్పుడు చాటుగా రాసిచ్చారు, ఇప్పుడు బహిరంగంగా పాడుతున్నారు. వచ్చే సొమ్ములో వాటా రాష్ట్రానికి పోతుంది. వేలం పత్రం ఎవరైనా చూడొచ్చు. ఆ మేరకు అఘోరనాథ్ గెలిచాడు. కానీ కొన్న కంపెనీ మనుషులను ఏ షరతు మీద పెట్టుకుంటుంది, తవ్విన గుంత పూడుస్తుందా లేదా, ఊళ్లు లేపితే ఎక్కడ దింపుతుంది అన్నవి వందల పేజీల ఇంగ్లీషులో పడి ఉంటే కాక లాంటి వాళ్లకు అది చాటు వ్యవహారమే.

డిసెంబర్ 31, మంగళవారం

నెలంతా చదివిన పేర్లు ఒకసారి చూసుకున్నాను. కింగ్ పటం గీశాడు. కాటన్ దారి వెతికాడు. సాలార్‌జంగ్ లెక్కలు చక్కదిద్దాడు. అబ్దుల్ హక్ అమ్ముకున్నాడు. వీళ్ల మీద పుస్తకాలున్నాయి. షరతులు చూపించమన్న అఘోరనాథ్ ఈ బొగ్గు చరిత్రలో సరోజిని తండ్రిగా కూడా కనిపించడు. నా లెక్కలో ఈ లోయకు అందరికంటే ఎక్కువ పనికొచ్చే మాట అన్నది ఆయనే.

కాబట్టి సంఘాల నాయకులకు ఒక విన్నపం. సమ్మె నోటీసు గోడకు అంటించినట్టే ఒప్పందాలనూ, వేలం షరతులనూ, భూసేకరణ నోటీసులనూ తెలుగులో రాయించి ప్రతి బాయి గేటు దగ్గరా అంటించండి. కాంట్రాక్టు పిల్లలు కూడా చదివేలా పెద్ద అక్షరాల్లో పెట్టండి. అధికారులు ఆ కాగితాలు ఇవ్వం అంటే అడగడానికి 1883లో లేని ఆయుధం ఇప్పుడు ఉంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు.